ఏడు కుర్చీలు, ఒక పెద్దాయన

నమోదు 1104

తేడాల శాఖ, మూడో దొంతర, చూపుగది. విడత: ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు. పరిశీలకురాలు: గేదెల హైమావతి.

6.20. ఆరో ఇంట్లో పంకాకు నాలుగో రెక్క మొలిచింది. రకం: ఎక్కువ. సరిచేశాను.

7.05. రెండో ఇంట్లో గోడ గడియారం ముళ్ళు వెనక్కి తిరుగుతున్నాయి. రకం: మారినది. సరిచేశాను. ఇంటాయన ఈలోగా రెండుసార్లు పళ్ళు తోముకున్నాడు.

8.40. నాలుగో ఇంట్లో మూలన ఏడడుగుల నల్లటి ఆకారం. ముఖం లేదు. చేతులు మోకాళ్ళ కిందికి ఉన్నాయి. రకం: మనిషి. బొత్తాం నొక్కబోతుండగా ఇంటి యజమానురాలు దాలమ్మ వచ్చి, దానిని కిందికీ మీదికీ చూసి, చాచిన చేతిమీద తడి తువ్వాలు ఆరేసింది. మైకులో మాట్లాడక తప్పలేదు.

"దాలమ్మ గారూ, తువ్వాలు తీసుకోండి. దాన్ని పంపించేయాలి."

"ఆరనీ తల్లీ. కదలకుండా నిలబడ్డాది, దండెం కంటే మేలు."

మైకు ప్రమాద హెచ్చరికలకు మాత్రమేనని నిబంధన. కాబట్టి తడి తువ్వాలును ప్రమాదంగా నమోదు చేసి, పావుగంట గడువు ఇచ్చాను.

నా తరువాత ఈ సీటులో కూర్చునేవారి కోసం కొన్ని సంగతులు రాసిపెడుతున్నాను. నాకు ముందు కూర్చున్నాయన ఏమీ రాయలేదు. సొరుగులో ఒక దువ్వెన మాత్రం వదిలిపెట్టాడు.

ఉప్పుటేరు మీద ఇళ్ళను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన దొంతరలు ఇవి. మూడో దొంతరలో పన్నెండు ఇళ్ళు. జారుడు మొదలైన నాటినుంచి ఇక్కడి వస్తువులు తామెక్కడ ఉండాలో, ఎన్ని ఉండాలో మరిచిపోతుంటాయి. ప్రతి ఇంటి ముందుగదిలో ఒక కెమెరా, వసారాలో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, వెరసి నా ముందు పద్నాలుగు తెరలు. తేడా కనిపిస్తే ఇంటి సంఖ్య, తేడా రకం చెప్పి బొత్తాం నొక్కాలి. దిద్దుడు యంత్రం ఏడు సెకన్లు మూలిగి, ఆ గదిని దాని మూలచిత్రంలో ఉన్నట్టు చేస్తుంది. విడత ముగిసేసరికి అయిదు తేడాలు మిగిలిపోతే దొంతర జారిపోయినట్టు లెక్క. అందరినీ ఖాళీ చేయించి మూసేస్తారు. అయిదో దొంతరను అలాగే మూశారు. అక్కడివారు ఇప్పటికీ పడవల్లో కాపురం ఉంటున్నారు.

రాత్రి విడతవారికి జీతంతోపాటు భయం కూడా ఇస్తారు. పగటి విడతలో భయపడేందుకు తీరిక ఉండదు.

మిగిలిన తేడాలు: సున్న. తువ్వాలు ఆరింది.

నమోదు 1109

మూలచిత్రాలు మార్చే రోజు. మూడేళ్ళకొకసారి వస్తుంది. చిత్రకారులు వస్తారని పదిరోజుల ముందే వసారాలో చీటీ అంటించాము. సరిగ్గా ఉన్నది ఉన్నట్టు తీయవలసిన చిత్రానికి పదిరోజుల గడువు ఇవ్వడం ఎవరి ఆలోచనో నాకు తెలియదు.

చీటీలో ముఖ్యమైన వాక్యం ఇది: "ఇంటి పెద్ద గది నడుమ కుర్చీలో కూర్చుని ఉండవలెను." ఇది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు. యంత్రానికి ప్రతి గదిలోనూ ఒక మేకు కావాలి. కూర్చున్న మనిషిని మేకుగా తీసుకుని మిగతా గదిని కొలుస్తుంది. అందుకే ఏ చిన్న తేడాను సరిచేయాలన్నా ముందు ఆ ఇంటి పెద్దను తెచ్చి కుర్చీలో కూర్చోబెడుతుంది. ఆ సమయంలో ఆయన దొంతరలో ఎక్కడ ఉన్నా సరే, చేతిలో చెంబు ఉన్నా సరే. దొంతర దాటి బయట ఉంటే మాత్రం ఊరుకుంటుంది.

చిత్రాలు సాయంత్రానికి నా బల్లమీదికి వచ్చాయి. పన్నెండింటినీ భూతద్దం కింద చూశాను. కుర్చీకి గోడకు దూరం, పంకా రెక్కలు, కిటికీ ఊచలు, గూట్లో గిన్నెలు అన్నీ లెక్కపెట్టాను. ఇళ్ళు ఇంత శుభ్రంగా ఉండడం నేనెన్నడూ చూడలేదు. సంతకం చేసి యంత్రానికి అప్పగించాను.

మిగిలిన తేడాలు: సున్న.

నమోదు 1113

నాలుగు రోజులుగా తేడాలు పెరుగుతున్నాయి. అంతకుముందు విడతకు తొమ్మిది ఉండేవి. ఈరోజు ముప్పై ఒకటి. ఒక్క రకమే పదేపదే వస్తోంది: తక్కువ. మూడో ఇంట్లో పచ్చరంగు సోఫా లేదు. సరిచేస్తే వచ్చింది. వెంటనే ఏడో ఇంట్లో పచ్చరంగు సోఫా మాయమయింది. అక్కడ సరిచేస్తే మూడో ఇంట్లో పడుకున్న మనిషి నేలమీద పడ్డాడు.

10.15. అయిదో ఇంట్లో పంకా రెక్క సరిచేశాను. కుర్చీలోకి తెల్లమీసాల పెద్దాయన ఒకరు వచ్చారు. చేతిలో సగం ఒలిచిన రొయ్య. నమస్కారం పెట్టి లేచి వెళ్ళిపోయారు.

10.27. ఎనిమిదో ఇల్లు. కుర్చీలోకి తెల్లమీసాల పెద్దాయన ఒకరు వచ్చారు. చేతిలో అదే రొయ్య.

మూలచిత్రాలు తీసి బల్లమీద వరసగా పరిచాను. మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఏడు ఇళ్ళలో ఒకే సోఫా, ఒకే ఇత్తడి దీపపు సెమ్మె. ఉన్న ఒక్కదానినే ఇంటింటికీ మోసి చిత్రాలు తీయించుకున్నారు. ఏడు కుర్చీల్లోనూ ఒకే పెద్దాయన, కండువా రంగు మాత్రం ఇంటికొకటి.

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఇంత పెద్ద విషయం నా కంటిని దాటిపోలేదు. నేను తేడాలు చూసే మనిషిని. ఒకేలా ఉన్నవాటిని చూడడం నా పనిలో లేదు. ఇది సంజాయిషీ కాదు. తప్పు నాది, సంతకమూ నాదే.

ఆయన వసారాలో నడుస్తుండగా మైకులో పిలిచాను. పేరు కోరాడ సూరప్పడు. పదకొండో ఇల్లు. ఒకప్పుడు నాటకాల్లో రాజు వేషాలు కట్టేవారట.

"సూరప్పడు గారూ, ఏడు ఇళ్ళకు ఇంటి పెద్ద మీరెలా అయ్యారు?"

"ఏటి సేత్తాం తల్లీ. ఆ పొద్దు మగోళ్ళందరూ ఏటకెల్లిపోనారు. మరి పెద్ద కూకోవాల అన్నారు గదా మీరు. మీసాలున్నోడు ఈ దొంతరలో నానొక్కణ్ణే మిగిలినాను."

"ఆడవాళ్ళు కూర్చోవచ్చు కదా. పెద్ద అంటే మగవాడని మేము రాయలేదు."

"అలాగని ఎవులూ సెప్పనేదు," అని ఆయన మీసం దువ్వుకున్నారు. "అయినా నాను సానా బాగా కూకున్నాను తల్లీ. రాజు ఏసం కట్టినోడికి కూకోడమే సగం పని. ఎనిమిదో ఇంటికాడ సెయ్యి గెడ్డం కింద ఎట్టినాను, సూసినావా?"

చూశానని చెప్పాను. నిజంగానే బాగుంది.

మిగిలిన తేడాలు: సున్న. సోఫా దొంతరలోనే ఎక్కడో ఉంది గనుక చివరి లెక్కలో తక్కువ కిందికి రాదు. ఈ విడతలో సూరప్పడు గారిని లాగిన సార్లు: ఇరవై మూడు.

నమోదు 1115

7.30. పదకొండో ఇంటి నుంచి మైకు గంట. సూరప్పడు గారి భార్య అచ్చియ్యమ్మ. ఈమె చుట్టను నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అది మొదటిరోజు చూసి తేడా అనుకుని నేను బొత్తాం నొక్కాను. ఆ సంగతి ఆమె ఇంకా మరిచిపోలేదు.

"నీ యంత్రం మా ముసలోణ్ణి పాడుసేత్తంది."

"ఒంట్లో బాగుండడం లేదా?"

"మంచోడైపోతన్నాడు."

అర్థం కాలేదని చెప్పాను. ఆమె చుట్ట తీసి, గోడకు నొక్కి ఆర్పి, ఓపికగా వివరించారు.

"నిన్న అన్నం ఎట్టినాను. 'భోజనం చాలా రుచిగా ఉన్నది' అన్నాడు. నలభై రెండేళ్ళ కాపరంలో ఆడి నోట ఆ మాట ఇననేదు. ఉప్పెక్కువైంది అనీవోడు, కారం తక్కువైంది అనీవోడు, నా మీద పాట కట్టి ఈదంతా ఇనిపించీవోడు. ఇప్పుడు కండువా మడతెట్టి కూకుంటన్నాడు. గుడ్లప్పగించి గోడకేసి సూత్తన్నాడు. రాత్రి నన్ను 'మీరు' అన్నాడు తల్లీ."

నేను లెక్క చూసుకున్నాను. చిత్రాలు మారిన నాటినుంచి ఆయనను లాగిన సార్లు నూట ముప్పై ఎనిమిది. లాగిన ప్రతిసారీ యంత్రం ఆయనను చిత్రంలో ఉన్నట్టు కూర్చోబెడుతోంది. కండువా, వెన్ను, చూపు, అన్నీ. ఒక మనిషిని నూట ముప్పై ఎనిమిదిసార్లు ఫొటోలో ఉన్నట్టు చేస్తే చివరికి మిగిలేది ఫొటోనే.

పర్యవేక్షకులు మస్తాన్ వలి గారికి నివేదించాను. ఆయన అల్లం మురబ్బా బుగ్గన పెట్టుకుని విన్నారు.

"చిత్రకారులు మళ్ళీ రావాలంటే నలభై రోజులు. ఈలోగా మార్పు చీటీ పెట్టించండి. పెద్ద మారినట్టు ఇంటింటికీ ఒక చీటీ."

"ఈ దొంతరలో ఇంతవరకు ఎవరూ మార్పు చీటీ పెట్టలేదండీ. పైగా పాత పెద్ద, ఆ ఇంట్లోనే, ఆ కుర్చీలోనే కూర్చుని సంతకం చేయాలి."

"చేయమనండి."

"నడిచి వచ్చి కూర్చుంటే యంత్రం ఒప్పుకోదండీ, ఒక్కో సంతకానికి ఒక్కోసారి లాగాలి. లాగిన మనిషి నిలబడేసరికి మరో ఇంటి తేడా కోసం అక్కడికి ఎగిరిపోతున్నాడు. నిన్న ఒక చీటీకి ప్రయత్నించి కలం పట్టించాము. కలం నాలుగో ఇంట్లో ఉంది, మూత తొమ్మిదో ఇంట్లో ఉంది."

ఆయన మురబ్బా రెండో బుగ్గకు మార్చారు. అది ఆయన విచారం తెలిపే పద్ధతి.

ఈరోజునుంచి ఆ ఏడు ఇళ్ళలో చిన్న తేడాలను వదిలేస్తున్నాను. నాలుగు వరకు మిగలవచ్చు. నాలుగూ వాళ్ళవే. నాలుగో రెక్క ఉన్నా పంకా తిరుగుతుంది.

మిగిలిన తేడాలు: నాలుగు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఈ గడిలో సున్న కాక వేరే అంకె వేశాను. నేనే ఆశ్చర్యపోయాను.

నమోదు 1118

ఈ నమోదు పెద్దది. వరసగా రాస్తాను.

9.10. ఎనిమిదో ఇంటి గుమ్మం గోడమీంచి జారి నేలమీదికి వచ్చింది. తలుపు తెరుచుకుంటే కింద ఏరు. ఇంట్లో మనుషులున్నారు. వదిలేయదగినది కాదు. సరిచేశాను.

యంత్రం ఏడు సెకన్లు మూలగవలసింది, నలభై మూలిగింది. గుమ్మం గోడకు వెళ్ళింది. కుర్చీలో సూరప్పడు గారు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. మూడో తెరమీద సూరప్పడు గారు. నాలుగులో సూరప్పడు గారు. అయిదు, ఆరు, ఏడు, తొమ్మిది. ఏడు కుర్చీల్లో ఏడుగురు, ఏడు రంగుల కండువాలు, రెప్ప వేయకుండా కెమెరావైపు చూస్తున్నారు.

వదిలేసిన చిన్న తేడాలు ఆ కుర్చీలతోపాటే సర్దుకున్నాయి. ఇప్పుడు ఏడు తేడాలు. రకం: మనిషి. అయిదు దాటాయి. విడత ముగిసే మధ్యాహ్నం రెండింటిలోగా తగ్గించకపోతే పన్నెండు కుటుంబాలు పడవల్లోకి వెళ్ళాలి.

ఏడుగురిలో ఒకరు అసలు మనిషి అయి ఉండాలి. ఎవరో తెలియకుండా బొత్తాం నొక్కితే అసలాయనే పోవచ్చు. భూతద్దం తీసుకుని ముప్పై అయిదు నిమిషాలు చూశాను. మీసం, చెవి మీది పుట్టుమచ్చ, ఎడమ బొటనవేలి గోరు. తేడా లేదు. తేడాలు వెతకడమే వృత్తి అయిన మనిషికి తేడా లేకపోవడం కన్నా భయంకరమైనది మరొకటి ఉండదు.

మైకు తీసి ఏడు ఇళ్ళకూ ఒకేసారి చెప్పాను. "సూరప్పడు గారూ, మీలో అసలు ఎవరు?"

"నేనే తల్లీ," అని ఏడుగురూ గంభీరంగా అన్నారు. శ్రుతి కూడా కలిసింది.

అచ్చియ్యమ్మ వసారాలోకి వచ్చి, చేతులు నడుముకు పెట్టుకుని, ఏడు గుమ్మాల్లోకి తొంగిచూశారు. జనం ఆమె వెనకాల ఉన్నారు.

"వదినా, మొగుడు ఏడింతలైనాడు, ఇంక నీకేటి లోటు?" అన్నది తొమ్మిదో ఇంటావిడ.

"నోరు ముయ్యెహె. ఒకడికి ఒండి ఎట్టీసరికే నడుం పడిపోతంది."

"అచ్చియ్యమ్మ గారూ, వీరిలో మీ ఆయన ఎవరో చెప్పగలరా?"

ఆమె కెమెరాకేసి సూటిగా చూశారు. "నీకు పద్నాలుగు కళ్ళున్నాయి గదా. నువ్వే ఏరుకో."

ఆ జవాబులో దుఃఖం లేదు. అది నాకు వింతగా తోచింది. భర్త ఏడుగురిగా చీలిపోయిన మనిషి అంత నిబ్బరంగా ఎలా ఉంటుంది? సరిగ్గా అప్పుడే ఆమె ముక్కు ఎగబీల్చి, పదకొండో ఇంటివైపు తిరిగి కేక వేశారు.

"ఒరే, సేపలు మాడిపోతన్నాయి. దించీ బేగి."

పదకొండో తెర. గది ఖాళీగా ఉంది. పొయ్యిమీద దాక, దాని పక్కన రుబ్బురోలు. తెర అడుగునుంచి, కెమెరాకు కనిపించని మూలనుంచి, ఒక చెయ్యి పైకి వచ్చింది. మసిగుడ్డతో దాకను పట్టి కిందికి దించింది. మూత తీసి, ఒక ముక్క విరిచి, తెర కిందికి వెళ్ళిపోయింది.

"కారం తక్కువైనాది," అన్నది ఒక గొంతు.

నేను మైకును పదకొండో ఇంటికి మాత్రమే తిప్పాను. "చెయ్యి కనిపించిందండీ," అన్నాను.

అచ్చియ్యమ్మ పరుగున లోపలికి వెళ్ళి తలుపు వేశారు. నిజం అప్పుడు తెలిసింది. పొద్దున్నే ఆమె వలతాడుతో ఆయన చీలమండను రుబ్బురోలుకు కట్టేశారు. రుబ్బురోలు ఆ ఇంటి మూలచిత్రంలో ఉంది. చిత్రంలో ఉన్న వస్తువుకు కట్టినది ఆ వస్తువులో భాగమే, యంత్రం కదిలించలేదు. లాగిన మేకు రాకపోయేసరికి అది చిత్రంలోంచే ఒక మేకును తీసి పెట్టింది. ఆ మేకే ఏడు చిత్రాల్లో ఉంది గనుక ఏడింటిలోనూ పెట్టింది. యంత్రం కొత్తగా దేనినీ పుట్టించలేదని శాఖ పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం రాసినవారికి అచ్చియ్యమ్మ తెలియదు.

"మీ ఇంటి చిత్రంలో కుర్చీలో ఎవరున్నారు?" అని అడిగాను. బల్లమీద చిత్రం ఉన్నా అడిగాను.

"నానే. మా ఇంటికి పెద్దని నాను గాక ఇంకెవులు?"

"నా ఇంట్లో నాను కుర్సీ ఎక్కింది నేదు," అన్నారు తెర కింది నుంచి సూరప్పడు గారు. "అది ఎక్కనీదు."

12.05. మస్తాన్ వలి గారు వచ్చి పద్నాలుగు తెరలూ చూశారు. తాడు సంగతి చెప్పాను.

"తాడు విప్పించండి. అసలాయన వస్తే ఈ ఏడుగురూ పోతారు."

"ఎనిమిదో ఇంటి కోసం నేను నొక్కిన పని యంత్రం ఇంకా ముగించలేదు, విప్పితే ఏడు కుర్చీలూ ఆయనను ఒక్కసారే లాగుతాయండీ. మిగిలేది వీళ్ళలాంటి మనిషే. చేపలో కారం తక్కువయిందని చెప్పే మనిషి ఉండడు."

"ఒక మనిషి కారం కోసం పన్నెండు ఇళ్ళా, హైమావతి గారూ?"

"రెండు గంటల వరకు సమయం ఉంది కదండీ."

ఆయన నన్ను చూశారు. మురబ్బా డబ్బా నా బల్లమీద పెట్టారు. "నేను భోజనానికి వెళుతున్నాను. రెండింటికి వచ్చి తాడు నేనే విప్పిస్తాను. ఈలోగా జరిగేది నేను చూడలేదు. చూడడం నా పని కాదు, మీ పని."

నేను మార్పు చీటీని మళ్ళీ చదివాను. "చిత్రములో ఉన్న ఇంటి పెద్ద, అదే కుర్చీయందు కూర్చుండి, స్వయముగా సంతకము చేయవలెను." చిత్రంలో ఉన్న పెద్ద. అదే కుర్చీ. అలాంటివారు ఇప్పుడు ఏడుగురు ఉన్నారు. కదలకుండా కూర్చుని ఉన్నారు. చేతులు ఖాళీగానే ఉన్నాయి. వారు అన్నం అడగలేదు, నీళ్ళు అడగలేదు. కానీ ఇంటి పెద్దలు చేసే పనులు రెండు: కూర్చోవడం, సంతకం పెట్టడం. మొదటిది చేస్తూనే ఉన్నారు.

వసారా మైకులో చీటీ సంగతి చెప్పాను. తరువాతి అరగంట ఈ దొంతర చరిత్రలో అతి పెద్ద గొడవ. ఇంతకాలం ఎవరింట్లోనూ ఎవరూ బయటికి అనని ప్రశ్న ఒకటి ఆ చీటీలో ఉంది: కొత్త పెద్ద పేరు.

ఆరో ఇంట్లో అత్తా కోడలూ ఒకరి పేరు ఒకరు రాశారు. వినయంతో కాదు. ఏ తేడా వచ్చినా కుర్చీలోకి ఎగరవలసింది పెద్దేనని ఇద్దరికీ తెలుసు. మూడో ఇంటాయన తన పేరు రాసి, భార్య ముఖం చూసి, కొట్టేసి, ఆమె పేరు రాశాడు. తొమ్మిదో ఇంటావిడ ఎవరినీ అడగకుండా తన పేరు రాసి, "సదవడం వొచ్చినోళ్ళు సదూకోండి," అని గోడకు అంటించబోయింది. అంటించవద్దని చెప్పాను.

12.50. తొమ్మిదో ఇంటి పెద్దాయన చీటీని దూరంగా పట్టుకుని చదివి, కలం మూత తీసి, రాజపత్రం మీద పెట్టినంత దర్జాగా సంతకం చేశారు. ఇంటావిడ చీటీని గోడకున్న యంత్రం నోట్లో పెట్టగానే కుర్చీ ఖాళీ అయింది. ఎర్ర కండువా మాత్రం మడత చెడకుండా మిగిలింది.

1.02, మూడో ఇల్లు. 1.09, అయిదో ఇల్లు. ఇంతటితో నాలుగే మిగిలాయి. నిబంధనకు ఇది చాలు. కానీ ఒక్క పంకాకు ఒక్క రెక్క మొలిస్తే మళ్ళీ అయిదు. ఆపలేదు. 1.15, ఏడో ఇల్లు. 1.21, ఆరో ఇల్లు.

1.28. ఎనిమిదో ఇల్లు. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న పెద్దాయన కలం అందుకుని ఆగారు. కెమెరాకేసి చూశారు.

"తల్లీ, సంతకం చేసిన పిమ్మట నేనేమగుదును?"

మైకు ప్రమాద హెచ్చరికలకు మాత్రమే. అబద్ధం చెప్పడానికి ఏ నిబంధనా అడ్డు లేదు. అయినా చెప్పలేకపోయాను.

"ఉండరండీ. మీరు ఒక చిత్రంలోంచి వచ్చారు. కానీ మీరు చేస్తే పన్నెండు ఇళ్ళు ఉంటాయి. పదకొండో ఇంట్లో ఒకాయన రుబ్బురోలు నుంచి లేస్తారు."

ఆయన కొంతసేపు ఆలోచించారు. అంతవరకు ఆ ఏడుగురిలో ఎవరూ ఆలోచించడం నేను చూడలేదు.

"బాగా కూర్చున్నానా?"

"ఏడుగురిలోకీ మీరే బాగా కూర్చున్నారండీ."

సంతకం చేశారు.

1.40. నాలుగో ఇల్లు. దాలమ్మ జీడిపిక్కలు కొడుతూ నేలమీద కూర్చుంది. చీటీ ఆమె ఒళ్ళో ఖాళీగా ఉంది. ఎదురుగా కుర్చీలో నీలికండువా పెద్దాయన.

"దాలమ్మ గారూ, మీ పేరు రాస్తే చాలు. మీ ఇంట్లో ఇంకెవరూ లేరు కదా."

"అదేనమ్మా. ఇంకెవులూ నేరు." ఒక పిక్క కొట్టింది. "ఆరేళ్ళనుంచి పొద్దున్న లెగిసి ఈ గోడకే సెప్పుకుంతన్నాను. పిక్కలు తడిగా ఉన్నాయనీ, సెయ్యి కాలిందనీ. ఈయన ఇంతన్నాడు. పొద్దున్నుంచి నాను సెప్పిందంతా ఇని, 'అటులనే' అన్నాడు. అంతే. ఒగ్గీ తల్లీ, ఉండనీ."

చీటీ లేకపోతే ఆ ఇంటికి మేకు సూరప్పడు గారే. ఇకమీద నాలుగో ఇంట్లో ఏ తేడాకు బొత్తాం నొక్కినా ఆయనను లాగుతుంది. అంటే నాలుగో ఇంట్లో ఇక ఎప్పుడూ నొక్కకూడదు. ఆ సంగతి దాలమ్మకు చెప్పాను. మూలన ఏడడుగులవాడు వచ్చినా పంపలేనని చెప్పాను.

"ఆడొత్తే తువ్వాలుకి పనికొత్తాడు."

అచ్చియ్యమ్మను కూడా అడిగాను. ముఖం ఆమె భర్తది.

"తిండి ఎట్టక్కర్నేదు గదా?" అన్నారామె. నేను అక్కర్లేదన్నాను. "అయితే ఉండనీ. ఎవులింట్లోనైనా ఆడు మంచోడుగా ఉన్నాడని సెప్పుకోడానికి ఉంటాది."

1.56. ఆమె తాడు విప్పారు. చూపుగదిలో నేనొక్కదాన్నే నిలబడి చూశాను. ఎనిమిదో ఇంటి చీటీతో దాని పని ముగిసింది గనుక యంత్రం మూలగలేదు. సూరప్పడు గారు తెర అడుగునుంచి లేచి, చీలమండ రుద్దుకుని, వసారాలోకి వచ్చి, భార్య మీద కొత్తగా కట్టిన పాట మొదటి చరణం ఎత్తుకున్నారు. అందులో చుట్టకూ మాడిన చేపకూ పోలిక ఉంది. ఆమె చెప్పు తీశారు. మళ్ళీ 'నువ్వు' అన్నాడని తొమ్మిదో ఇంటావిడకు చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు.

2.00. మస్తాన్ వలి గారు వచ్చారు. తెరలు చూశారు. నాలుగో తెర దగ్గర ఆగారు.

"ఒకటి మిగిలింది."

"అవునండీ. నిబంధన నాలుగు వరకు అనుమతిస్తుంది."

ఆయన డబ్బా తీసుకున్నారు. మూత తీసి, ఒక మురబ్బా నా బల్లమీద పెట్టి వెళ్ళారు.

మిగిలిన తేడాలు: ఒకటి.

నమోదు 1140

6.35. పదో ఇంట్లో మూడు ఎడమ చెప్పులు. సరిచేశాను.

7.50. రెండో ఇంటి గడియారం మళ్ళీ వెనక్కి నడుస్తోంది. సరిచేశాను. ఈసారి ఆయన ఒక్కసారే పళ్ళు తోముకున్నాడు.

నా తరువాత ఈ సీటులో కూర్చునేవారికి: నాలుగో ఇంటి బొత్తాం మీద నేను కాగితం అంటించాను. దానిని తీయవద్దు. ఆ ఇంట్లో లెక్క తప్పకుండా చూడండి, కానీ నొక్కవద్దు. పంకాకు నాలుగు రెక్కలున్నాయి. గాలి బాగానే వస్తోందని దాలమ్మ చెప్పింది. కుర్చీలో నీలికండువా పెద్దాయన జీడిపిక్కల సంగతి వింటున్నారు. పొద్దున ఎనిమిదిన్నరకు మూలన ఏడడుగుల నల్లటి ఆకారం వచ్చి నిలబడింది. పెద్దాయన తల తిప్పి దానిని చూసి, ఇంటి పెద్ద మర్యాద ప్రకారం కూర్చోమని చెయ్యి చూపించారు. దానికి కూర్చోవడం రాదు. మోకాళ్ళు రెండుసార్లు వంచి చూసి ఊరుకుంది. దాలమ్మ దాని ఒక చేతిమీద తువ్వాలు, రెండో చేతిమీద చీర ఆరేసింది.

ముగ్గురూ తెరలో స్పష్టంగా కనిపిస్తున్నారు. మనిషి ఒకరు, తేడాలు రెండు. పంకా రెక్కతో కలిపి మూడు.

మిగిలిన తేడాలు: మూడు. అన్నీ నాకు తెలిసినవే.